గ్రస్తవాక్కు : శిక్షా, కోశ ప్రమాణములు – ఆధునిక వాగ్విజ్ఞానము

1. ప్రస్తావన

మన ప్రాచ్యకళాశాలలలో విద్యార్థి వాక్కును గూర్చి సాధారణముగా రెండు మాటలే వినబడుచుండును. శ్లోకమును తడుముకొనక అప్పగించినవానిని "గడగడ చదివినాడు" అని మెచ్చుకొందుము. తడబడినవానికి "నత్తి" యందుము. ఈ యిరువురకును నడుమ మూడవవాడొకడు గలడు. అతడు ఏ యక్షరమునొద్దను ఆగిపోడు. మాట వెంట మాట పరుగున వచ్చును. కాని ఆ పరుగులో అక్షరములు జారిపోవును. ఒక పదము కొస మరొక పదము మొదట కలిసిపోవును. మొదలుపెట్టిన వాక్యము ముగియకమునుపే వేరొక వాక్యము తల యెత్తును. వినువాడు "ఏమంటివి?" అని మరల నడుగును. చెప్పినవానికి మాత్రము తన మాటలో లోపమేమియు తోచదు.

ఈ దోషమును ఆధునిక వాగ్విజ్ఞానులు "క్లట్టరింగ్" అని వ్యవహరించుచు, నత్తికి భిన్నముగా పరిగణించుచున్నారు. దీనికి తెలుగున స్థిరపడిన శాస్త్రీయసంజ్ఞ లేదు. సంజ్ఞ లేని దోషము తరగతిలో గుర్తింపబడదు. గుర్తింపబడనందున దోషము గలవానికి "శ్రద్ధ లేనివాడు", "అర్థము తెలియనివాడు" అను పేర్లు వచ్చుచున్నవి. మన కళాశాలల నుండి వెడలినవారిలో పెక్కుమంది పాఠశాలలలో భాషాపండితులగుదురు. వారి నోటి మాటయే పిల్లలకు తొలి వ్యాకరణము. కావున ఈ విచారము కేవలము పదచర్చ కాదు.

శిక్షా, కోశ, వ్యాకరణ గ్రంథములలో ఈ దోషమునకు లక్షణము చెప్పబడియున్నదా, దానికి తగిన సంజ్ఞ యేది, ఆ శాస్త్రములు నేటి అధ్యాపకునకు ఏమి ఉపకరించును అను మూడు విషయములు ఇందు విచారింపబడుచున్నవి.

2. సంజ్ఞా విచారము

అమరసింహుడు నామలింగానుశాసనమున, ప్రథమకాండమందలి శబ్దాదివర్గమున, వాగ్దోషములను వరుసగా పేర్కొనెను. అందు వర్ణములును పదములును లోపించిన మాటకు "గ్రస్తము" అనియు, తొందరపాటున పలికిన మాటకు "నిరస్తము" అనియు, స్పష్టత లేనిదానికి "మ్లిష్టము" అనియు, ఉమ్ముతో కూడినదానికి "అంబూకృతము" అనియు పేర్లు చెప్పెను. ఈ నాలుగింటిలో మొదటి రెండును ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గరివి. ఒకటి మాట వేగమును, రెండవది ఆ మాటకు కలిగిన నష్టమును తెలుపుచున్నవి.

అయితే ఈ సంజ్ఞలు అన్ని శాస్త్రములందును ఒకే యర్థమున లేవు. ఋక్ప్రాతిశాఖ్య చతుర్దశపటలమున ఉచ్చారణదోషములను చెప్పు సందర్భమున, జిహ్వామూలమును నొక్కిపట్టి పలుకుటచే కలుగునది గ్రస్తమనియు, స్థానకరణములు తొలగుటచే కలుగునది నిరస్తమనియు నిర్ణయింపబడినది. అచట విచారము ఒక్కొక్క వర్ణమునకు సంబంధించినది. నోటిలో ఏ యంగము ఏ రీతిగా తప్పినదను ప్రశ్నకు సమాధానము. మహాభాష్య పస్పశాహ్నికమున అచ్చులకు చెప్పబడిన దోషముల పట్టికలోను గ్రస్త నిరస్తములు కలవు. అవియు వర్ణగతములే. అమరుని దృష్టి అట్టిది కాదు. వర్ణములతోపాటు పదములును లోపించుట యని చెప్పుటచే అతడు ప్రవహించు మాటను, అనగా వాక్కును, లక్ష్యముగా గ్రహించెనని స్పష్టము.

పాణినీయశిక్షలోని దోషపరిగణనము ఈ భేదమును నిశ్చయించుటకు తోడ్పడును. అందు త్వరితము, నిరస్తము, విలంబితము, గద్గదితము, గ్రస్తపదాక్షరము అనునవి ఒకే పట్టికలో వేర్వేరుగా చెప్పబడినవి. ఇందు మూడంశములు గమనింపదగినవి.

మొదటిది: త్వరితము, నిరస్తము రెండును వచ్చుటచే, నిరస్తమునకు అమరుడు చెప్పిన యర్థమును ఇచట గ్రహించినచో పునరుక్తి కలుగును. కావున శిక్షలోని నిరస్తము ప్రాతిశాఖ్యార్థమున వచ్చినదని చెప్పుట యుక్తము. తొందర మాటకు శిక్ష వాడిన సంజ్ఞ "త్వరితము".

రెండవది: శిక్షాకారుడు ఊరక "గ్రస్తము" అనక "గ్రస్తపదాక్షరము" అనెను. పదశబ్దమును చేర్చుటచే ప్రాతిశాఖ్యమందలి వర్ణగతదోషమునుండి దీనిని వేరుచేసెను. అమరుని లక్షణమును, శిక్షాసంజ్ఞయు ఇచట ఏకీభవించుచున్నవి.

మూడవది: గద్గదితము వేరు, గ్రస్తము వేరు. తడబడుచు ఆగి ఆగి వచ్చు మాటయు, ఆగక మింగబడు మాటయు ఒకటి కావని శిక్షాకారు లెరుగుదురు.

గద్గదశబ్దమునే ఈ దోషమునకు సంజ్ఞగా గ్రహింపరాదా యని శంక కలుగవచ్చును. సుశ్రుతసంహిత నిదానస్థాన ప్రథమాధ్యాయమున, కఫముతో కూడిన వాయువు శబ్దవాహినులగు ధమనులను ఆవరించుటచే మూకత్వము, మిన్మిణత్వము, గద్గదత్వము కలుగునని చెప్పబడినది. వ్యాఖ్యాతలు మిన్మిణుడనగా ముక్కుతో మాటలాడువాడనియు, గద్గదుడనగా పదవ్యంజనములు లోపింప మాటలాడువాడనియు వివరించిరి. వైద్యులు చెప్పిన ఈ గద్గదము అమరుని గ్రస్తమునకు సమీపమున నున్నమాట నిజము. కాని కావ్యవ్యవహారమున హర్షశోకములచే కంఠము పూడుకొనుటయే గద్గదము. లోకమున నత్తికిని ఆ శబ్దము వాడుకలో నున్నది. ఇన్ని యర్థములకు పంచబడిన శబ్దమును సంజ్ఞగా గ్రహించినచో అతివ్యాప్తిదోషము తప్పదు.

తెలుగు నుడికారమును పరిశీలించినచో ఈ నిర్ణయము మరింత బలపడును. ఇట్లు మాటలాడువానిని మనవారు "మాటలు మింగుచున్నాడు" అందురు. గ్రస్తమనగా మింగబడినదే. కోశకారుడు ఎన్నుకొన్న సంజ్ఞయు, పల్లెలోని వృద్ధురాలు వాడు నుడియు ఒకే యనుభవమునుండి పుట్టినవి. కావున ఈ దోషమునకు "గ్రస్తవాక్కు" అనియు, వేగమును కూడ తెలుపవలసినచోట "త్వరితగ్రస్తము" అనియు వ్యవహరించుట సముచితమని నా ప్రతిపాదన.

3. వేగము దోషమగునా?

త్వరితము దోషమని శిక్ష చెప్పుచుండగా, ద్రుతవృత్తిని శాస్త్రము అంగీకరించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినగాని గ్రస్తవాక్కు స్వరూపము తేలదు.

ద్రుత, మధ్యమ, విలంబితములని వృత్తులు మూడు. వల్లె వేయుటకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యులకు ఉపదేశించుటకు విలంబితము తగునని ప్రాతిశాఖ్యసంప్రదాయము. పాణిని తపరసూత్రము పై భాష్యమున పతంజలి వీని కాలపరిమాణమును చర్చించెను. ఒకదానికంటె మరొకదానికి మూడవవంతు అధికమని భాష్యము. దీనిని వ్యాఖ్యాతలు 9, 12, 16 అను లెక్కతో వివరించిరి. ద్రుతమున 9 పాళ్ల కాలము పట్టిన ఉచ్చారణకు మధ్యమమున 12, విలంబితమున 16 పాళ్లు పట్టునని భావము.

కాలము ఇట్లు మారుచుండగా వర్ణము మారదా యని శంకించి, మారదని పతంజలి సిద్ధాంతము చేసెను. ఒకే దారిని రథికుడు త్వరగా, ఆశ్వికుడు కొంత ఆలస్యముగా, పదాతి మరింత ఆలస్యముగా దాటును; దారి మాత్రము అంతే యుండునని దృష్టాంతము చూపెను. వృత్తిభేదము ధ్వనికి చెందినది, వర్ణస్వరూపమునకు చెందినది కాదని తాత్పర్యము.

ఈ దృష్టాంతమును మన విషయమునకు అన్వయించినచో భేదము స్పష్టపడును. ద్రుతవృత్తిని పలుకువాడు రథికుని వంటివాడు. వేగముగా పోయినను దారి యంతయు నడచును. గ్రస్తవాక్కు గలవాడు దారిలో కొంత భాగమును దాటక విడిచి, గమ్యము చేరితిననుకొనువాడు. వేగము ఇరువురకును సమానమే కావచ్చును. ఒకని యందు వర్ణపదములు నిలిచినవి, మరొకని యందు నిలువలేదు. కావున పదాక్షరములను హరించినపుడే వేగము దోషమగును.

భద్రాచలమున రామదాసకీర్తనలు పాడు భజనగోష్ఠులలో దీనికి ప్రత్యక్షోదాహరణము దొరకును. నామావళి మొదట చౌకకాలమున నడచి, క్రమముగా కాలము హెచ్చి, చివర మిక్కిలి వేగమందుకొనును. అయినను తాళము పట్టి పాడువారి నోట రామనామమున అక్షరలోపము కలుగదు. తాళము వేగమునకు గట్టు కట్టినది. పాణినీయశిక్ష మంచి పాఠకుని గుణములలో అక్షరవ్యక్తిని, పదచ్ఛేదమును చెప్పి, వానితో లయసామర్థ్యమును కూడ చేర్చుట ఇందులకే యని తోచుచున్నది. విలంబితమును దోషములలో చేర్చుటయు గమనింపదగినది. అనవసరముగా సాగదీయుట తొందరపాటునకు విరుగుడు కాదని దాని వలన తేలుచున్నది.

4. ఆధునిక విచారణ

పాశ్చాత్యదేశములలో ఈ దోషముపై ప్రసిద్ధమైన ప్రత్యేకగ్రంథమును డెసో వైస్ 1964లో ప్రకటించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి వ్యాధివర్గీకరణ పదవకూర్పున నత్తికి ఎఫ్ 98.5 అనియు, దీనికి ఎఫ్ 98.6 అనియు వేర్వేరు సంఖ్యలు ఈయబడినవి. 2007లో బల్గేరియాలో జరిగిన ప్రథమ ప్రపంచసదస్సు సందర్భమున దీనికై అంతర్జాతీయసంఘమొకటి ఏర్పడినది.

కెన్నెత్ సెయింట్ లూయిస్, కాట్రిన్ షుల్టె అనువారు 2011లో ప్రతిపాదించిన నిర్వచనము నేడు ప్రచారమున నున్నది. సంభాషణలోని కొన్ని భాగములు వినువారికి మితిమీరిన వేగము గలవిగా తోచవలెను. దానితోపాటు మూడు లక్షణములలో ఒకటియైనను ఉండవలెను. ఆ మూడును ఇవి: సామాన్యులకును కలుగునట్టి తడబాట్లు మితిమీరుట, అక్షరములు అణగిపోవుట లేక లోపించుట, విరామము, ఊనిక, లయ తప్పుట. వేగ మొక్కటియే చాలదు, వేగము వలన మాట చెడవలెనని దీని సారము. శిక్షాశాస్త్రము త్వరితమును, గ్రస్తపదాక్షరమును విడివిడిగా చెప్పి, ద్రుతవృత్తిని అంగీకరించుటలోని వివేకమే ఇచట వేరొక మార్గమున కనబడుచున్నది. ఇంతమాత్రమున ప్రాచీనులు నేటి వాగ్విజ్ఞానమంతయు చెప్పిరనుట సాహసము. వారి లక్ష్యము వేదపాఠరక్షణము. వీరి లక్ష్యము రోగికి ఉపశమనము. చూపు మాత్రము ఒకే దోషము పై పడినది.

డచ్చి పండితురాలు వాన్ జాలెన్ ఇందు రెండు భేదములను చూపినది. ఒకటి వర్ణగతము, రెండవది వాక్యగతము. తెలుగు వాక్యముతో వీనిని వివరింతును. "నిన్న భద్రాచలం పోయి సీతారాముల కల్యాణం చూసి వచ్చాం" అనుట వివక్షితమనుకొందము. వర్ణగతదోషము గలవాడు "నిన్న భద్రాచం పోయి సీతాముల కల్యాం చూచ్చాం" అనును. వాక్యగతదోషము గలవాడు "నిన్న భద్రాచలం, అంటే మొన్న బయలుదేరి, దుమ్ముగూడెం బస్సు దొరకలేదు, కల్యాణం మాత్రం, చాలా జనం" అని యనును. అక్షరములన్నియు నున్నవి, అన్వయము లేదు. నత్తి గలవాడు "భ భ భద్రాచలం" అని మొదటి యక్షరముతో పెనగులాడును. తాను చెప్పదలచిన మాట యేదో నత్తి గలవానికి బాగుగా తెలియును, నోరు సహకరింపదు. వాక్యగతదోషము గలవాని యందు మాట కూర్చుకొనకమునుపే నోరు కదలును.

తెలుగున "చూసి వచ్చాం" అనుట "చూసొచ్చాం" అగుట, "మనుషులు" అనుట "మన్షులు" అగుట లోకవ్యవహారము. అది భాషలోని సంధి. అందరును పలుకుదురు, అందరికిని అర్థమగును. గ్రస్తము ఒక వ్యక్తి యందు మాత్రమే కలుగును, వినువానికి అర్థభంగము కలిగించును. ఈ రెండింటిని కలుపరాదు.

అధ్యాపకునకు మిక్కిలి ఉపయోగపడు భేదము మరొకటి గలదు. నత్తి గలవానికి "నీ మాటను గమనించుకొనుము" అన్నచో బెదరు హెచ్చి నత్తి పెరుగును. గ్రస్తవాక్కు గలవాడు తన మాటపై మనసు పెట్టినపుడు, అపరిచితుల యెదుట నిలిచినపుడు కొంతసేపు చక్కగా మాటలాడును. మనసు మరలగానే మునుపటివలెనే యగును. బాగుగా తెలిసిన పాఠమును చదువునపుడు వాని దోషము హెచ్చుననియు, తెలియని పాఠమును చదువునపుడు తగ్గుననియు, నత్తి యందు దీనికి విపరీతమనియు వైస్ చెప్పెను. ఒక్కొక్కనియందు రెండు దోషములును కలిసియుండుట గలదు. దీని కారణము ఇదమిత్థమని నేటికిని నిర్ణయింపబడలేదు.

5. భద్రాద్రి సీమయందలి విశేషము

ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దున పనిచేయు అధ్యాపకునకు ఈ విచారణ మరింత జాగ్రత్తతో చేయవలసియున్నది. ఇచట తెలుగు ఒక్క రీతిగా లేదు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో తూర్పుగోదావరి నుండి భద్రాచలం డివిజను ఇందు చేరినది. 2014లో కూనవరము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్ లోనికి పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడినది. ఒకే తరగతిలో గోదావరి తీరపు యాసయు, తెలంగాణ యాసయు, ఇంట కోయ మాటలాడు పిల్లల తెలుగును వినబడును. కోయ ద్రావిడభాష, గోండికి దగ్గరి చుట్టము. తెలుగు ఆ పిల్లలకు రెండవ భాష. ఈ భేదమును గుర్తించియే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధనను ఆరంభించినది.

అట్టి విద్యార్థి తెలుగున మాటలాడునపుడు పదమునకై వెదకుకొనుట, వాక్యమును మార్చుకొనుట, పదాంతమును తేల్చి పలుకుట సహజము. పరభాష పలుకు వారందరియందును అట్లే జరుగును. దానిని వాగ్దోషమనరాదు. వాడు కోయలో తనవారితో ఎట్లు మాటలాడుచున్నాడో, వాని మాట వానివారికి తెలియుచున్నదో లేదో ముందు విచారింపవలెను. ఇంటి భాషలోను మాటలు మింగబడుచున్నవని ఇంటివారే చెప్పినపుడు మాత్రమే దోషమును శంకింపవలెను. యాస విషయమునను ఇదే న్యాయము. తీరమునుండి వచ్చిన పండితుడు ఖమ్మము పల్లెటూరి పలుకుబడిని, ఖమ్మము పండితుడు తీరపు పలుకుబడిని అస్పష్టమనుకొన్నంతమాత్రమున అది గ్రస్తము కాదు. ప్రమాణము వక్త చెందిన సమాజమే గాని శ్రోత చెవి కాదు.

6. అధ్యాపకులు చేయదగినది

మన పరీక్షావిధానము ఈ దోషమును దాచుచున్నది. కంఠస్థపాఠమును అప్పగించునపుడు వేగమే ప్రతిభగా చెల్లును. వినువానికిని ఆ శ్లోకము వచ్చును గనుక లోపించిన యక్షరములను వాని చెవియే పూరించుకొనును. వ్యాఖ్యానము చెప్పుమన్నపుడు దోషము బయటపడును. అప్పుడు పరీక్షకుడు "చదువు వచ్చును గాని అర్థము తెలియదు" అని నిర్ణయించును. పాణినీయశిక్ష అధమపాఠకులలో శీఘ్రిని, అనర్థజ్ఞుని వేర్వేరుగా లెక్కించినది. శీఘ్రియైనంతమాత్రమున అనర్థజ్ఞుడు కాడు. ఈ రెండింటిని ఒకటి చేయుట వలన తెలివిగల విద్యార్థి ఒకడు జీవితాంతము మందమతియను పేరు మోయవలసివచ్చును.

కావున మొదట మూడు విధముల వినవలెను: కంఠస్థమగు శ్లోకము, ఎన్నడును చూడని వచనఖండిక, తన మాటలలో కథాసంగ్రహము. మూడింటను వాక్కు ఎట్లున్నదో పోల్చి చూచినచో నత్తికిని గ్రస్తమునకును భేదము చాలవరకు తెలియును.

రెండవది ఖండాన్వయము. పాఠశాలలలో మాకు శ్లోకార్థమును దండాన్వయమున ఒక్కసారి చెప్పించెడివారు కారు. క్రియను ముందు పట్టుకొని "ఎవడు? దేనిని? ఎట్టిదానిని? దేనిచేత?" అని గురువు ఒక్కొక్క ఆకాంక్షను లేవదీయగా శిష్యుడు ఒక్కొక్క పదముతో సమాధానము చెప్పెడివాడు. ఇందు ప్రతి పదమునకు తరువాత విరామము తప్పదు. ఆ విరామమునకు కారణము అర్థమే. విరామము అర్థమును బట్టి యుండవలెను గాని ఛందస్సును బట్టి కాదని నాట్యశాస్త్రమున భరతుని మతము. "నెమ్మదిగా చెప్పు" అని గద్దించినచో విద్యార్థి రెండు వాక్యములు నెమ్మదిగా చెప్పి మూడవదానిని మరల పరుగెత్తించును. ప్రశ్నచే ఆపినచో ఆగుటకు వానికి హేతువు దొరకును.

మూడవది పదపాఠము. తెలిసిన సంహితను విడదీసి చదువుమన్నపుడు నోటికి అలవాటైన ఒరవడి తెగును. ప్రతి పదాంతమును మనసు చూడవలసివచ్చును. పదపాఠము వేదరక్షణకై పుట్టినదే గాని చికిత్సకై కాదు. అయినను పదచ్ఛేదమున శ్రద్ధ కలిగించుటలో దానికి సాటి లేదు. కావ్యశ్లోకములను, తెలుగు పద్యములను గూడ ఈ రీతిగా చదివింపవచ్చును.

నాల్గవది, విద్యార్థి తన మాటను తాను వినుట. దోషము తనకు తోచకుండుటయే ఈ దోషమున ప్రధానాంశము గనుక, నేడు ప్రతివాని చేతనున్న ఫోనులో రెండు నిమిషములు మాట నమోదు చేసి, ఒంటరిగా వినిపించి, వినబడినదానిని వానిచేతనే వ్రాయింపవలెను. తాను అన్నాననుకొన్నదియు, నిజముగా వినబడినదియు పక్కపక్కన నుండగా వేరొకరు చెప్పనక్కరలేదు. ఇది తరగతి యెదుట చేయరాదు.

వీని వలన నిలువని దోషమునకు వాక్చికిత్సకుల సహాయము కావలెను. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థయు, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ ప్రాంతీయకేంద్రమును మనకు అందుబాటున నున్నవి. అధ్యాపకుడు వైద్యుడు కాడు. గుర్తించి పంపుటయే అతని ధర్మము.

7. ఉపసంహారము

వర్ణపదములు లోపించిన త్వరితవాక్కు శిక్షాకోశములకు తెలిసిన దోషమే. దానికి అమరుడు చెప్పిన "గ్రస్త" సంజ్ఞ శిక్షలోని "గ్రస్తపదాక్షర" శబ్దముచే బలపడుచున్నది. "మాట మింగుట" యను తెలుగు నుడియు దానికి సరిపోవుచున్నది. అది గద్గదము కాదు, నత్తి కాదు, అజ్ఞానము కాదు, యాస కాదు. ద్రుతవృత్తికి శాస్త్రమున చోటున్నది. పదచ్ఛేదము చెడిన త్వరకు లేదు. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టి, జారిపోకుండ, గాయపడకుండ కొనిపోవునట్లు వర్ణములను పలుకవలెనని శిక్ష చెప్పినది. జారిపోవు అక్షరములు గల విద్యార్థిని గద్దించి మాన్పించుట సులభము. వాని నోట ప్రతి పదమును నిలిపి, వానికి తెలిసిన యర్థము లోకమునకు వినబడునట్లు చేయుట గురువు పని.